చిక్కదనం చేతికి తెలియదు

కొత్త బండి కొంటే కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి వైపు చాలామంది ముందుగా కొండగట్టుకే తీసుకెళ్తారు. అంజన్న సన్నిధిలో బండి నిలిపి, బొట్టు పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాకే మిగతా ప్రయాణాలు. 2023 జనవరి 24న పవన్ కల్యాణ్ తన ‘వారాహి’ వాహనానికి పూజ చేయించింది కూడా ఇక్కడే. కరీంనగర్ నుంచి సుమారు 35 కిలోమీటర్లు రహదారి మీద ఒకే తీరుగా నడిచిన ఇంజన్, ముత్యంపేట దగ్గర గుట్ట ఎక్కడం మొదలుపెట్టగానే గొంతు మారుస్తుంది. గేరు దిగుతుంది, వేగం పడిపోతుంది, ఇంజన్ మీద భారం పెరుగుతుంది. చల్లబరిచే ఎదురుగాలి ఎంత కావాలో అంత అందదు. ఆ కాసేపట్లో ఇంజన్‌ను కాపాడేది లోపల తిరుగుతున్న మూడు నాలుగు లీటర్ల ఆయిల్. బైకు అయితే లీటరు కూడా ఉండకపోవచ్చు.

ఆ ఆయిల్ ఎలాంటిది పోయాలన్న విషయంలో మన మెకానిక్ షెడ్లలో ఏటా వేసవి ముందు ఒకే మాట వినిపిస్తుంది: “ఎండలు ముదిరినయ్ అన్నా, ఈసారి జర చిక్కటి ఆయిల్ పోద్దాం.” బండి యజమాని కూడా డిప్‌స్టిక్ తీసి, చివరనున్న చుక్కను రెండు వేళ్ల మధ్య రుద్ది, జిగట ఉంటే మంచిదని, లేకుంటే పలచబడిందని తేల్చేస్తాడు. బండి మీద ప్రేమతోనే ఇదంతా చేస్తారు. కానీ ఆయిల్ పనిచేసే చోటు వేళ్ల మధ్య లేదు, బయటి ఎండలోనూ లేదు. అది పనిచేసే చోట ఏం జరుగుతుందో తెలిస్తే డబ్బా మీది అంకెలు వాటంతటవే అర్థమవుతాయి.

1880లలో ఇంగ్లండ్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ మెకానికల్ ఇంజనీర్స్ రాపిడి మీద పరిశోధన చేసే పని బీచమ్ టవర్ అనే ఇంజనీరుకు అప్పగించింది. రైలు పెట్టెల ఇరుసు బేరింగుల మీద ఆయన ప్రయోగాలు చేశాడు. నూనె పోయడానికి ఒక బేరింగు నడినెత్తిన రంధ్రం చేస్తే, ఇరుసు తిరుగుతున్నప్పుడు నూనె లోపలికి పోకుండా ఆ రంధ్రంలోంచి పైకి ఉబికి వచ్చింది. బిరడా పెట్టాడు, అది బయటికి తన్నుకొచ్చింది. కర్ర మేకు దిగ్గొట్టాడు, అదీ నిలవలేదు. చివరికి పీడనం కొలిచే గేజి బిగించాడు. బేరింగు మీద ఉన్న సగటు భారం చదరపు అంగుళానికి 100 పౌండ్లే; గేజి ముల్లు మాత్రం 200 దాటిపోయింది. 1883లో టవర్ ఈ సంగతి ప్రకటించాడు. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి గణితం కట్టి కారణం చెప్పాడు: తిరిగే ఇరుసు తన ఒంటికి అంటుకున్న నూనెను పోనుపోను సన్నబడే సందులోకి లాక్కుపోతుంది. పక్కకు పోయే దారి చాలని నూనెలో పీడనం పుడుతుంది. ఆ పీడనమే ఇరుసును ఎత్తి పట్టుకుంటుంది.

మీ బండిలోని క్రాంక్‌షాఫ్ట్ కూడా ఇలాగే బేరింగ్ షెల్లులను తాకకుండా నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. భారం ఎక్కువగా పడే చోట ఆ పొర మందం కొన్ని మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని. ఆయిల్ పంపు పని నూనెను అక్కడికి చేర్చడం వరకే. ఇనుమును ఇనుముకు దూరంగా నిలబెట్టే పీడనం షాఫ్ట్ తిరగడం వల్లే పుడుతుంది.

కాబట్టి ఆ పొర మూడింటి మీద ఆధారపడుతుంది: నూనె చిక్కదనం, షాఫ్ట్ తిరిగే వేగం, మీద పడే భారం. 1902లో జర్మన్ ఇంజనీరు రిచర్డ్ స్ట్రైబెక్ ఈ మూడింటి సంబంధాన్ని కొలిచి చూపించాడు. వేగం తగ్గి భారం పెరిగితే పొర పలచబడి, ఒక దశలో లోహపు గరుకులు ఒకదాన్నొకటి తగలడం మొదలవుతుంది. గుట్ట ఎక్కేటప్పుడు టాప్ గేరులోనే గునిసి గునిసి లాగించేవాళ్లు చేస్తున్నది సరిగ్గా ఇదే. డీజిల్ మిగులుతుందని వాళ్ల లెక్క. తక్కువ చుట్లు, పెద్ద భారం కలిసి బేరింగు పొరను నలిపేస్తాయి. ఒక గేరు దించి ఇంజన్‌ను కాస్త చురుగ్గా తిరగనిస్తే పొర మళ్లీ నిలబడుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. ఖరీదైన ఆయిల్ కంటే ఎక్కువ మేలు చేసే అలవాటు ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక చిక్కదనం. నూనె వేడెక్కేకొద్దీ పలచబడుతుందని వంటింట్లో అందరికీ తెలిసిందే. ఎంతగా పలచబడుతుందో ఊహకు అందదు. మామూలు 20డబ్ల్యూ-40 ఆయిల్‌కు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న చిక్కదనం 100 డిగ్రీలకు చేరేసరికి ఇంచుమించు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. చల్లారిన బండి డిప్‌స్టిక్ మీద వేళ్లకు తగిలే జిగటకూ, పరుగెత్తే ఇంజన్‌లోని చిక్కదనానికీ ఇంత తేడా ఉన్నప్పుడు వేళ్ల తీర్పు ఎలా చెల్లుతుంది?

డబ్బా మీది రెండు అంకెలు ఈ రెండు స్థితులను విడివిడిగా చెబుతాయి. అమెరికాలోని సొసైటీ ఆఫ్ ఆటోమోటివ్ ఇంజనీర్స్ 1911లో మొదలుపెట్టిన వర్గీకరణ ఇది. అందుకే ఎస్‌ఏఈ గ్రేడు అంటాం. రెండో అంకె వేడి ఇంజన్‌కు సంబంధించింది. 40 అంటే 100 డిగ్రీల దగ్గర నూనె చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల మధ్య ఉండాలి. 30 అయితే 9.3 నుంచి 12.5 వరకు, 50 అయితే 16.3 నుంచి 21.9 వరకు. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో స్టార్టయ్యే తీరును చెబుతుంది: 20డబ్ల్యూను మైనస్ 15 డిగ్రీల దగ్గర, 10డబ్ల్యూను మైనస్ 25 దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. ఆదిలాబాద్ ఏజెన్సీ ఊళ్లలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల దగ్గరికి దిగిన రాత్రులున్నాయి గానీ మైనస్ మాట మనకు లేదు. అయితే మొదటి అంకెతో మనకు పనే లేదనుకోవడం తొందరపాటు. అయిదారు డిగ్రీల తెల్లవారుజామున 20డబ్ల్యూ-40 ఆయిల్ వేడి ఇంజన్‌లో ఉన్నదానికంటే యాభై రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. కిక్కు కొట్టగానే అది పైనున్న క్యామ్‌షాఫ్ట్ దాకా చేరడానికి సమయం పడుతుంది. ఆ కొద్ది క్షణాలు పైభాగాలు రాత్రి మిగిలిన తడి మీదే తిరుగుతాయి. పొద్దున్నే స్టార్ట్ చేసి వెంటనే రేజ్ చేయొద్దని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే.

మరి ఎండల సంగతి? మే నెలలో జగిత్యాల, రామగుండం ప్రాంతాల్లో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. కానీ కారు, లారీ, ట్రాక్టరు ఇంజన్లలో థర్మోస్టాట్ ఉంటుంది. రేడియేటర్ నీళ్లను అది 85, 95 డిగ్రీల మధ్య పట్టి ఉంచుతుంది. బయట 25 ఉన్నా 45 ఉన్నా, కూలింగ్ సరిగ్గా ఉన్నంతవరకు చాంబర్‌లోని ఆయిల్ వేడిలో తేడా కొద్దిగానే ఉంటుంది. ఇంజన్ తయారుచేసినవాళ్లు బేరింగు సందును, పంపును, ఆయిల్ దారులను ఏదో ఒక చిక్కదనాన్ని మనసులో పెట్టుకునే చెక్కారు. వాళ్లు 30 అంటే మనం 50 పోస్తే, ఇరుకు దారుల్లో ప్రవాహం తగ్గుతుంది, నూనె పొరల మధ్య రాపిడి పెరిగి ఆ రాపిడే మరింత వేడి పుట్టిస్తుంది. పొద్దుటి పూట నూనె ఫిల్టర్‌లోంచి దూరలేక బైపాస్ వాల్వు తెరుచుకుంటే వడపోత లేని నూనె నేరుగా బేరింగులకు పోతుంది. ఎండకని చేసిన ఉపకారం ఇలా ఎదురు తిరుగుతుంది.

గాలితో చల్లబడే బైకులు, పాత ఆటోల కథ కొంత వేరు. వాటికి థర్మోస్టాట్ లేదు. ఎండ వేడి నేరుగా ఆయిల్ మీద పడుతుంది. ముగ్గురిని ఎక్కించుకుని మధ్యాహ్నం ఘాట్ ఎక్కే బండికి ఒక మెట్టు చిక్కటి నూనె న్యాయమే, అది కంపెనీ పుస్తకంలోని పట్టికలో ఉంటే. చాలా పుస్తకాల్లో బయటి ఉష్ణోగ్రతను బట్టి ఏయే గ్రేడులు వాడొచ్చో బొమ్మ గీసి మరీ చూపిస్తారు. హీరో 100 సీసీ బండికి 10డబ్ల్యూ-30 చెబుతారు, రాయల్ ఎన్‌ఫీల్డ్ 350కి 15డబ్ల్యూ-50. రెండూ ఇదే ఎండలో, ఇదే గుట్ట మీద తిరుగుతాయి. ఎండ ఒకటే అయినా లోపలి సందులు వేరు.

బైకుల విషయంలో గ్రేడు కంటే పెద్ద పొరపాటు మరొకటి జరుగుతుంది. కారుకు తెచ్చిన ఆయిల్ మిగిలిందని బైకులో పోసేస్తారు. మన బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఇంధనం ఆదా కోసం కారు ఆయిల్‌లో కలిపే రాపిడి తగ్గించే రసాయనాలు ఆ ప్లేట్లను జార్చేస్తాయి. ఇంజన్ అరుస్తుంది, బండి లాగదు. గుట్ట మీదే ఆ సంగతి బయటపడుతుంది. జపాన్ ప్రమాణాల సంస్థ జాసో 1998లో ఇందుకోసమే విడి ముద్రలు మొదలుపెట్టింది: ఇప్పుడు గేరు బండ్లకు ఎంఏ లేదా ఎంఏ2, క్లచ్ పొడిగా ఉండే గేర్‌లెస్ స్కూటర్లకు ఎంబీ. బైకు ఆయిల్ కొనేటప్పుడు నేను ముందు చూసే ముద్ర ఇదే.

డబ్బా మీద ఏపీఐ అని ఇంకో గుర్తు ఉంటుంది. ఎస్‌తో మొదలైతే పెట్రోలు ఇంజన్లకు, సీతో మొదలైతే డీజిల్‌కు. తర్వాతి అక్షరం ముందుకు పోయేకొద్దీ కొత్త ప్రమాణం: ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి, డీజిల్‌లో సీఐ-4 2002లో, సీకే-4 2016లో. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. మామూలు ఆయిల్‌లోని లోహపు రసాయనాలు కాలి బూడిదై దాన్ని పూడ్చేస్తాయి, కాబట్టి వాటికి బూడిద తక్కువ వదిలే ఆయిలే వాడాలి. పాత సుమోకు పోసిన డబ్బానే కొత్త బండికీ పోస్తే ఆయిల్‌లో మిగిలిన వందలు ఫిల్టర్ మార్పిడిలో వేలై పోతాయి.

నూనెలో కలిపే రసాయనాల్లో జింకు, ఫాస్ఫరస్, గంధకం కలిసిన జెడ్‌డీడీపీకి నా గౌరవం ప్రత్యేకం. 1940లలో నూనె పాడవకుండా, బేరింగులు తినేయకుండా ఉండేందుకు దాన్ని వాడటం మొదలుపెట్టారు. అరుగుదలను కూడా ఆపుతుందని తర్వాత తెలిసింది. నూనె పొర తెగి లోహం లోహాన్ని తగిలే చోట, ఆ ఒత్తిడికి, వేడికి అది విడిపోయి లోహం మీద గాజులాంటి పూత కడుతుంది. లోహానికి బదులు ఆ పూత అరుగుతుంది, మళ్లీ కట్టుకుంటుంది. అలా ఖర్చవుతూ ఖర్చవుతూ ఒక నాటికి అయిపోతుంది. ఆయిల్ చూడ్డానికి బాగానే ఉన్నా గడువుకు మార్చాలనడానికి ఇదొక కారణం.

నల్లబడటం మాత్రం భయపడాల్సిన గుర్తు కాదు. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కొద్ది వందల కిలోమీటర్లకే నల్లగా మారుతుంది. మసిని ముద్దకట్టనీయకుండా తనలో చెదరగొట్టి ఉంచడం ఆయిల్ బాధ్యత. నల్లబడిందంటే ఆ పని చేస్తోందన్నమాట. చూడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. పాలు కలిపిన చాయ్ రంగులోకి మారితే నీళ్లు చేరాయి. హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు. పెట్రోలు వాసన కొట్టి, లెవెల్ తగ్గాల్సింది పెరిగితే ఇంధనం కారుతోంది. లెవెల్ మాటిమాటికి పడిపోతూ ఉంటే, మనవాళ్లు చెప్పినట్టు బండి “ఆయిల్ తాగుతాంది”.

అది ఎక్కడ తాగుతోందో గుట్టే చెబుతుంది. పెట్రోలు బండిలో యాక్సిలరేటర్ వదిలి గేరులోనే కిందికి దిగుతుంటే సిలిండర్‌లో శూన్యంలాంటి గుంజుడు పుడుతుంది. వాల్వు సీళ్లు అరిగి ఉంటే ఆ గుంజుడుకు నూనె లోపలికి జారుతుంది. కిందికి చేరి మళ్లీ యాక్సిలరేటర్ ఇవ్వగానే ఒక్కసారిగా నీలం పొగ గుప్పుమంటుంది. ఎక్కేటప్పుడు, లాగేటప్పుడు వదలకుండా నీలం పొగ కొడితే రింగులు, బోరు అరిగినట్టు. ఒక్క ఎక్కుదిగుడుతో ఇంత తేలుతుంది. డిప్‌స్టిక్ మాత్రం గుట్ట మీద వాలులో చూడకూడదు. చదునైన చోట, ఇంజన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగాక చూడాలి.

దిగడం గురించి చెబుతున్నప్పుడు 2018 సెప్టెంబర్ 11ను తలచుకోకుండా ఉండలేం. ఆ రోజు కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల ఊళ్లలో ఆ గాయం ఇంకా మానలేదు. ఆ ప్రమాదం గురించి కాదు, ఏ ఘాట్ గురించైనా ఒక సాంకేతిక విషయం చెప్పాలి. దిగేటప్పుడు న్యూట్రల్ చేసినా, ఇంజన్ ఆపినా ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఇంజన్ ఆగితే పెద్ద బండ్లలో బ్రేకులకు గాలినిచ్చే కంప్రెసర్, స్టీరింగ్‌కు సాయం చేసే పంపు కూడా ఆగుతాయి. గేరులో ఉంచి దింపితే ఇంజన్ పాడవుతుందన్న భయం అక్కర్లేదు: చుట్లు బాగుంటాయి కాబట్టి ఆయిల్ పంపు నిండుగా పోస్తుంది, పేలుడు భారం ఉండదు. బేరింగులకు అది తేలికపాటి పనే.

ఉత్తర తెలంగాణలో ఇంజన్లకు ఎండ కంటే పెద్ద శత్రువు దుమ్మే. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు, గోదావరిఖని నుంచి బెల్లంపల్లి దాకా బొగ్గు గనులు, మధ్యలో మట్టి రోడ్లు. గ్రానైట్ దుమ్ములోని సిలికా రేణువు ఇంజన్ ఇనుము కంటే గట్టిది. పది ఇరవై మైక్రాన్ల రేణువు ఎయిర్ ఫిల్టర్ చిరుగులోంచి దూరితే, కొద్ది మైక్రాన్ల నూనె పొరను చీల్చుకుని సిలిండర్ గోడను గీస్తుంది. దాన్ని ఏ ఆయిలూ ఆపలేదు. పెద్ద గని యంత్రాలు నడిపేచోట ఆయిల్ నమూనాను ప్రయోగశాలకు పంపుతారు: సిలికాన్ పెరిగితే దుమ్ము వస్తోందని, ఇనుము పెరిగితే సిలిండర్, రాగి, సీసం పెరిగితే బేరింగులు అరుగుతున్నాయని, సోడియం కనిపిస్తే కూలెంట్ కారుతోందని పట్టేస్తారు. చిన్న బండికి అంత పరీక్ష కుదరదు. క్వారీ దారిలో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్‌ను పుస్తకం చెప్పిన గడువులో సగానికే చూసుకోవడం కుదురుతుంది.

ట్రాక్టరుకు కిలోమీటర్ల లెక్క పనికిరాదు. పొలంలో కరిగెట దున్నేటప్పుడు రోజంతా తిరిగినా దూరం పెద్దగా పెరగదు. ఇంజన్ మాత్రం నిండు భారంతో గంటలు గంటలు నడుస్తుంది. అందుకే మీటరు గంటల్లో ఉంటుంది. మార్పిడి సాధారణంగా 250 గంటలకు. రేడియేటర్ జాలీలో గడ్డి పొట్టు నిండితే థర్మోస్టాట్ హామీ కూడా పోతుంది.

మోటారు పడవ కష్టం ఇంకా వేరు. రోడ్డు మీది బండికి ఎక్కుడుతో పాటు దిగుడు ఉంటుంది, చదునులో ఊపిరి పీల్చుకునే తీరిక ఉంటుంది. నీటి మీద ఆ తీరిక లేదు. మానేరు డ్యామ్‌లో, ఎల్లంపల్లిలో జోరుగా పోయే పడవ మోటారు ఒడ్డు వదిలిన క్షణం నుంచి కొండగట్టు ఎక్కుతున్న లారీలాగే లాగుతూ ఉంటుంది. వింతేమిటంటే అంత భారం మోస్తూనే అది చల్లగా నడుస్తుంది. ఔట్‌బోర్డు మోటారు జలాశయం నీళ్లనే పీల్చి చల్లబడుతుంది. చాలావాటిలో థర్మోస్టాట్ 50, 60 డిగ్రీల ప్రాంతంలోనే తెరుచుకుంటుంది. వల వేస్తూ గంటల కొద్దీ నిదానంగా తిప్పితే ఆయిల్ కావలసినంత వేడెక్కదు, అందులో చేరిన పెట్రోలు, తేమ ఆవిరై పోవు. పైగా చేపలవేట లేని నెలల్లో మోటారు ఊరికే ఉంటుంది, లోపల తుప్పు పడుతుంది. అందువల్లే ఫోర్‌స్ట్రోక్ పడవ మోటార్లకు తుప్పును ఆపే గుణాన్ని కూడా పరీక్షించి ఎఫ్‌సీ-డబ్ల్యూ ముద్ర వేస్తారు. మార్పిడి 100 గంటలకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. గంటలు నిండలేదని రెండేళ్లు ఆపడం తప్పు.

టూస్ట్రోక్ మోటారు అయితే ఆయిల్ పెట్రోలులో కలిసి కాలిపోతుంది. బైకులకు వాడే 2టీ ఆయిల్‌లో బూడిద వదిలే లోహపు రసాయనాలు కొంత ఉంటాయి. నిండు భారంతో ఆగకుండా నడిచే పడవ మోటారులో ఆ బూడిద పిస్టన్ మీద, ప్లగ్గు మీద పేరుకుని, స్పార్కుకు ముందే మంట అంటుకునేలా చేసి పిస్టన్‌కు చిల్లి పెట్టగలదు. పడవలకు బూడిద లేని టీసీ-డబ్ల్యూ3 రకమే పోయాలి. రెండు డబ్బాలూ 2టీ ఆయిలే కదా అని అంగట్లో ఒకదానికి బదులు ఇంకోటి ఇస్తే తీసుకోవద్దు.

పడవవాళ్లు ఎక్కువగా మరిచేది అడుగున, ఫ్యాన్ దగ్గరున్న గేరు పెట్టె. జలాశయాల్లో తెగిపోయిన వలల నైలాన్ దారం తిరిగే ఫ్యాన్‌కు చుట్టుకుని, షాఫ్ట్ వెంట లోపలికి జరిగి, రబ్బరు సీలును కోసేస్తుంది. గేరు నూనెలోకి నీళ్లు దూరుతాయి. ఫ్యాన్ విప్పి దారం తీసేయడం పది నిమిషాల పని. గేరు నూనె మార్చేటప్పుడు అది పాలలా తెల్లగా వస్తే సీలు అప్పటికే పోయినట్టు. మోటారు వెనక సన్నగా చిమ్మే నీటి ధారనూ గమనిస్తుండాలి. అది ఆగితే లోపలి రబ్బరు పంపు పనిచేయడం లేదు. ఒడ్డున నీళ్లు లేకుండా స్టార్ట్ చేసి చూపించడం ఆ పంపుకు ప్రాణాంతకం.

వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమని 2016 నాటి కేంద్ర నియమాలు చెబుతున్నాయి. మన దగ్గర ఇప్పటికీ దాన్ని కర్రలకు చెద పట్టకుండా పూస్తారు, షెడ్డు ముందు మట్టిలో పారబోస్తారు. అందులో ఇంధనం కాలి మిగిలిన విషపదార్థాలూ, అరిగిన లోహాలూ ఉంటాయి. డ్రెయిన్ చేసినదాన్ని డబ్బాలో పట్టి, మళ్లీ శుద్ధి చేసే అనుమతి ఉన్నవాళ్లకు చేరే దారిలో ఇవ్వాలి. ఖాళీ అయిన కొత్త ఆయిల్ డబ్బాను మాత్రం చిల్లు పొడిచే పారేయాలి, లేకుంటే అది నకిలీ ఆయిల్‌తో నిండి మళ్లీ అంగట్లోకి వస్తుంది.

దిగువ మానేరు విషయంలో నా పట్టుదల మరీ ఎక్కువ. 24 టీఎంసీల ఆ జలాశయం నుంచే కరీంనగర్ నగరం మంచినీళ్లు తాగుతుంది. పాత కార్బురేటర్ టూస్ట్రోక్ ఔట్‌బోర్డు పోసిన ఇంధనంలో, ఆయిల్‌తో సహా, 20 నుంచి 30 శాతం దాకా కాలకుండానే నీళ్లలోకి వదులుతుంది. విహారపు పడవలైనా, వేట పడవలైనా అలాంటి నీళ్ల మీద తిరిగేవాటికి ఫోర్‌స్ట్రోక్ మోటార్లే ఉండాలి. మత్స్యకార సంఘాలకు సబ్సిడీ మీద మోటార్లు ఇచ్చేటప్పుడే ఆ షరతు పెట్టి, ధరలో తేడాను ప్రభుత్వమే భరించాలి.